ఊకొట్టడం వేరు, అప్పజెప్పడం వేరు

ప్రశ్న: నేను పెద్దపల్లి జిల్లాలో పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివి, తర్వాత భౌతికశాస్త్రం, గణితం ప్రధానాంశాలుగా డిగ్రీ పూర్తి చేశాను. ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ కావాలన్నది నా కోరిక. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ నిర్వహించే జూనియర్ ఎగ్జిక్యూటివ్ పరీక్షకు సిద్ధమవుతూ, విమానయాన పదాలను ఒక నోటు పుస్తకంలో అక్షర క్రమంలో రాసుకుంటున్నాను. ఇప్పటికి నాలుగు వందల పదాలు దాటాయి. ప్రతి పదానికీ ఎదురుగా తెలుగు అర్థం రాసుకున్నాను గాని, నెల తిరిగేసరికి సగం గుర్తుండటం లేదు. ఆల్టిట్యూడ్, హైట్, ఎలివేషన్, ఫ్లైట్ లెవెల్ అన్నింటికీ ‘ఎత్తు’ అనే రాయవలసి వచ్చింది. రోజర్, విల్కో, అఫర్మ్ అన్నీ ‘సరే’ అనే కదా, మూడు మాటలు ఎందుకు? రన్‌వేలకు 09, 27 అన్న అంకెలు ఎలా వచ్చాయి? నా ఉచ్చారణ వాయిస్ టెస్టులో అడ్డం వస్తుందేమోనని భయంగా ఉంది. ఈ పదాలను ఏ పద్ధతిలో నేర్చుకోవాలో చెప్పగలరు.
— ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, నాలుగు పదాలకు ఎదురుగా ‘ఎత్తు’ అన్న ఒకే మాట పడిందని మీరే గమనించారు. మీ ఇబ్బందికి మూలం అక్కడే ఉంది, మీ జ్ఞాపకశక్తిలో లోపమేమీ లేదు. నాలుగు వేర్వేరు కొలతలను ఒకే మాట కింద చేర్చాక వాటిని విడివిడిగా గుర్తుంచుకోవడం ఎవరి వల్లా కాదు. ముప్పై ఏళ్లకు పైగా కంట్రోల్ టవర్లలోనూ రాడార్ గదుల్లోనూ పనిచేసి, కొత్తగా చేరినవారి పక్కన కూర్చుని పని నేర్పినవాడిగా నాకు బాగా తెలిసిన సంగతి ఏమిటంటే, ఈ రంగంలో దాదాపు ప్రతి మాటా ఒక్క పని కోసమే పుట్టింది, ఆ పనితో కలిపి నేర్చుకుంటేనే అది మనసులో నిలుస్తుంది. అర్థాన్ని తెలుగులో ఎంత వివరంగానైనా తెలుసుకోండి. మాటను మాత్రం అనువదించకండి.

దీనికంటే ముందు ఒక హెచ్చరిక చేయాలి. మీరు రాయబోయే పరీక్షలో ప్రధానంగా అడిగేది భౌతికశాస్త్రం, గణితం, వాటితోపాటు ఆంగ్లం, తార్కిక సామర్థ్యం, సాధారణ జ్ఞానం. ఈ నాలుగు వందల పదాలను, ఎంపికైన తర్వాత ప్రయాగ్‌రాజ్‌లోని పౌర విమానయాన శిక్షణ కళాశాల వంటి చోట మొదటి నుంచి నేర్పుతారు. కాబట్టి పగటి చదువు గంటలను గణితానికి, భౌతికశాస్త్రానికి కేటాయించి, ఈ పదాలను సాయంత్రం ఒక గంట ఇష్టంగా చదవండి. ఇష్టం ఉండటం చాలా మంచిది, కాని పరీక్ష గట్టెక్కకపోతే ఆ ఇష్టానికి చోటుండదు.

ఇప్పుడు ఎత్తు సంగతికి వద్దాం. విమానంలోని ఆల్టీమీటర్ నిజానికి ఎత్తును కొలవదు. చుట్టూ ఉన్న గాలి పీడనాన్ని కొలిచి, దానిని అడుగుల్లోకి మార్చి చూపిస్తుంది. పైకి వెళ్లేకొద్దీ పీడనం తగ్గుతుందని మీరు చదివే ఉంటారు. అయితే ఏ పీడనాన్ని సున్నాగా తీసుకుని లెక్క మొదలుపెట్టాలో పైలట్ ఒక మీట తిప్పి ఆ పరికరానికి చెప్పాలి. ఆ ప్రాంతపు పీడనాన్ని సముద్రమట్టానికి సరిచేసి చెప్పే విలువను క్యూఎన్‌హెచ్ అంటారు. అది పెట్టుకుంటే పరికరం చూపేది సముద్రమట్టం నుంచి ఉన్న దూరం, అంటే ఆల్టిట్యూడ్. కింద ఉన్న నేల నుంచి విమానం ఎంత పైన ఉందో చెప్పేది హైట్. ఆ నేలే సముద్రమట్టానికి ఎంత పైన ఉందో చెప్పేది ఎలివేషన్. శంషాబాద్ విమానాశ్రయం ఎలివేషన్ సుమారు 2000 అడుగులు కాబట్టి, అక్కడ నేల మీద కదలకుండా ఆగి ఉన్న విమానంలో క్యూఎన్‌హెచ్ సరిగా పెట్టి ఉంటే ముల్లు 2000 దగ్గర నిలుస్తుంది. విశాఖపట్నంలో దాదాపు సముద్రమట్టంలోనే ఉన్న రన్‌వే మీద అదే ముల్లు సున్నాకు దగ్గరగా ఉంటుంది. 5000 అడుగుల ఆల్టిట్యూడ్‌లో శంషాబాద్ మీదుగా ఎగురుతున్న విమానం హైట్ 3000 అడుగులే. విశాఖ మీద దాని హైట్ దాదాపు 5000 అడుగులు. ఈ రెండు ఊళ్లనూ ఒక కాగితం మీద గీసి, మూడు కొలతలనూ మూడు రంగుల్లో గుర్తు పెట్టుకోండి. ‘ఎత్తు’ అన్న మాట అవసరమే రాదు.

ఇక ఫ్లైట్ లెవెల్. హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్లే విమానం దారిలో ఎన్నో ఊళ్ల మీదుగా సాగుతుంది, ప్రతి ఊరి క్యూఎన్‌హెచ్ వేరుగా ఉంటుంది. పైన వేగంగా వెళ్తున్న వందల విమానాలు ఎవరి అంకె వారు మార్చుకుంటూ పోతే, రెండు విమానాల మధ్య ఉందనుకున్న వెయ్యి అడుగుల ఎడం నిజంగా ఉన్నదో లేదో ఎవరికీ తెలియదు. అందుకని ట్రాన్సిషన్ ఆల్టిట్యూడ్ అనే హద్దు దాటి పైకి వెళ్లాక అందరూ 1013.25 హెక్టోపాస్కల్స్ అనే ఒకే ప్రమాణాన్ని పెట్టుకుంటారు. అలా పెట్టుకున్నాక పరికరం చూపే అంకెలో చివరి రెండు సున్నాలు తీసేస్తే వచ్చేది ఫ్లైట్ లెవెల్. 35000 చూపిస్తే ఫ్లైట్ లెవెల్ 350. అది నేల నుంచి దూరమూ కాదు, సముద్రం నుంచి కచ్చితమైన దూరమూ కాదు. అందరూ ఒకే గజకర్రతో కొలుచుకుంటే ఒకరికొకరికి ఉండే ఎడం మాత్రం నికరంగా తెలుస్తుంది.

కిందికి దిగేటప్పుడు తిరిగి క్యూఎన్‌హెచ్‌కు మారడం ఎందుకంత ముఖ్యమో బంగాళాఖాతంలో వాయుగుండం పట్టిన రోజున తెలుస్తుంది. సముద్రమట్టం దగ్గర ఒక్క హెక్టోపాస్కల్ తేడాకు 27 అడుగులకు పైగా తేడా వస్తుంది. విశాఖలో పీడనం 993కు పడిపోయిన రోజున పైలట్ ప్రమాణమైన 1013 దగ్గరే ఉంచి దిగితే, పరికరం ఉన్నదానికంటే ఐదు వందల అడుగులకు పైగా ఎక్కువ చూపిస్తుంది. చుట్టూ కొండలున్న ఊరిలో, మబ్బుల్లోంచి దిగుతున్నప్పుడు ఆ ఐదు వందల అడుగులే ప్రాణం. కంట్రోలర్ క్యూఎన్‌హెచ్ చెప్పిన ప్రతిసారీ పైలట్ ఆ అంకెను తిరిగి పలకడం అందుకే తప్పనిసరి అయింది.

లెవెల్ అన్న మాట విలువ మన దేశం చాలా దారుణంగా తెలుసుకుంది. 1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద ఆకాశంలో రెండు విమానాలు ఢీకొని 349 మంది మరణించారు. ఢిల్లీ నుంచి పైకి లేస్తున్న సౌదీ విమానాన్ని 14000 అడుగుల దగ్గర, ఢిల్లీకి దిగుతున్న కజకిస్థాన్ విమానాన్ని 15000 అడుగుల దగ్గర ఉండమని కంట్రోలర్ చెప్పాడు. మధ్య వెయ్యి అడుగుల ఎడం. కజక్ విమానం తనకిచ్చిన లెవెల్ దాటి కిందికి వచ్చేసింది. ఆ విమానంలో కంట్రోలర్‌తో మాట్లాడేది రేడియో ఆపరేటర్, విమానం నడిపేది మరొకరు. వాళ్లకు అలవాటైన కొలత మీటర్లు, మన దగ్గర వాడేది అడుగులు. ఒక అంకె ఒకరి చెవిన పడి, మరొకరి చేతికి చేరేలోపు ఎన్ని చోట్ల జారిపోగలదో ఆలోచించండి. ఆ తర్వాతే మన గగనతలంలో ప్రయాణికుల విమానాలకు టీకాస్ అనే ఢీ నివారణ పరికరం తప్పనిసరి అయింది, ఢిల్లీకి వచ్చే దారులనూ పోయే దారులనూ విడదీశారు.

రోజర్, విల్కో, అఫర్మ్ అన్న మీ రెండో ప్రశ్న నా మనసుకు అన్నింటికంటే దగ్గరైనది. మన ఇళ్లలో పిల్లలకు కథ చెబుతుంటే వాళ్లు ఊకొడతారు. ఆ ఊకొట్టడం వల్ల పిల్లవాడు మేలుకుని ఉన్నాడని తెలుస్తుంది గాని, కథ అర్థమైందో లేదో తెలియదు. రోజర్ అచ్చంగా ఆ ఊకొట్టడమే. ‘మీరు ఇప్పుడు పలికినదంతా నాకు చేరింది’ అన్నంతవరకే దాని అర్థం. ‘అలాగే చేస్తాను’ అన్నది అందులో లేదు. దానికి విల్కో ఉంది. ‘రన్‌వే కనబడుతోందా?’ అన్న ప్రశ్నకు రోజర్ అన్నది జవాబే కాదు. అవునంటే అఫర్మ్, కాదంటే నెగటివ్. ఒకప్పుడు అఫర్మేటివ్ అని పూర్తిగా పలికేవారు గాని, రేడియోలో మాట ముందు భాగం తెగిపోతే అఫర్మేటివ్, నెగటివ్ రెండింటి తోకా ఒకేలా వినిపిస్తుంది కాబట్టి దానిని అఫర్మ్ అని కత్తిరించారు. ‘అవును’, ‘కాదు’ కలిసిపోతే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

ఈ మూడింటికంటే పెద్దది రీడ్‌బ్యాక్. దానికి మన బడిలో చక్కటి మాట ఉంది: అప్పజెప్పడం. పంతులుగారు చెప్పిన పద్యాన్ని పిల్లవాడు తిరిగి అప్పజెప్పినట్టు, కంట్రోలర్ ఇచ్చిన క్లియరెన్సును, లెవెల్‌ను, రన్‌వే అంకెను, క్యూఎన్‌హెచ్‌ను, ముక్కు చూడవలసిన దిక్కైన హెడింగును, వేగాన్ని పైలట్ తిరిగి అప్పజెప్పాలి. అయితే అప్పజెప్పడం ఎంత ముఖ్యమో, అప్పజెప్పించుకునేవాడు చెవొగ్గి వినడం అంతకంటే ముఖ్యం. రెండో సగాన్ని హియర్‌బ్యాక్ అంటారు.

ఇది నేను నా ఒంటి మీద అనుభవించి నేర్చుకున్నది. ఒక చిన్న విమానాశ్రయంలో శిక్షణలో ఉండగా, దిగి వస్తున్న ఒక విమానానికి ఫ్లైట్ లెవెల్ ‘వన్ వన్ జీరో’కు దిగమని చెప్పాను. మా ముందు ప్రతి విమానానికీ ఒక సన్నటి కాగితపు చీటీ ప్లాస్టిక్ పట్టీలో అమర్చి ఉంటుంది. దాని మీద 110 అని రాస్తూ తల వంచుకుని ఉన్నాను. పైలట్ ‘వన్ జీరో జీరో’ అని అప్పజెప్పాడు. నా చెవిన పడింది గాని మనసుకు ఎక్కలేదు; నేను వినదలచుకున్నదే నాకు వినిపించింది. పక్కన కూర్చున్న శిక్షకుడు నా చేతిలోని పెన్సిలును లాగేసుకుని, తన మైకులో ‘నెగటివ్’ అని సరిదిద్దాడు. ఆ రోజు 100 దగ్గర వేరే విమానం ఏదీ లేదు. ఉండి ఉంటే? ఆ ప్రశ్నతోనే ఆ రాత్రంతా గడిచింది. పైలట్ మాట్లాడుతున్నంతసేపూ చీటీ మీద ఏమీ రాయకుండా, కలాన్ని ఆ అంకె మీదే ఆనించి వినే అలవాటు నాకు అప్పటి నుంచి వచ్చింది. ఇప్పుడు చాలాచోట్ల 100ను ‘వన్ హండ్రెడ్’ అని పలకమంటున్నది కూడా 110తో కలిసిపోకుండా ఉండేందుకే.

నాది ఒడ్డున పడిన కథ. 1989 ఫిబ్రవరి 19న కౌలాలంపూర్‌కు దిగుతున్న ఫ్లయింగ్ టైగర్ సరుకుల విమానం కథ అలా ముగియలేదు. కంట్రోలర్ 2400 అడుగులకు దిగమన్న ఉద్దేశంతో ‘డిసెండ్ టూ ఫోర్ జీరో జీరో’ అన్నాడు. ‘టూ’ అన్న అంకెను సిబ్బంది ‘కు’ అన్న అర్థమిచ్చే ‘టు’గా విని, 400 అనుకుని ‘ఓకే, ఫోర్ జీరో జీరో’ అని అప్పజెప్పారు. కంట్రోలర్ సరిదిద్దలేదు. విమానం కొండను తాకి నలుగురు సిబ్బందీ మరణించారు. అప్పజెప్పడం జరిగింది, వినడం జరగలేదు. అంకెకు ముందు ‘ఆల్టిట్యూడ్’ అనో ‘ఫ్లైట్ లెవెల్’ అనో తప్పకుండా పలకమని నేను నా దగ్గర నేర్చుకున్న ప్రతివారినీ పోరింది ఇందుకే. ఆ ఒక్క మాట మధ్యలో నిలబడితే ‘టు’ వెళ్లి అంకెకు అంటుకోదు.

మీ నోటు పుస్తకంలో టేకాఫ్‌కు ఎదురుగా ‘పైకి లేవడం’ అని రాసుకుని ఉంటారు. అది తప్పు కాదు, కాని ఆ మాట గురించి తెలియవలసింది అది కాదు. రేడియోలో టేకాఫ్ అన్న మాటను, టేకాఫ్‌కు అనుమతి ఇచ్చేటప్పుడు, ఇచ్చిన అనుమతిని రద్దు చేసేటప్పుడు తప్ప పలకకూడదు. మిగతా అన్ని సందర్భాల్లోనూ డిపార్చర్ అనాలి. ఈ నియమం వెనుక 1977 మార్చి 27న కానరీ దీవుల్లోని టెనెరిఫెలో పోయిన 583 ప్రాణాలు ఉన్నాయి. పొగమంచు కమ్మిన లాస్ రోడియోస్ విమానాశ్రయంలో రెండు బోయింగ్ 747లు ఒకే రన్‌వే మీద ఉన్నాయి. కేఎల్‌ఎం విమానం రన్‌వే కొసన సిద్ధంగా ఉంది. పాన్ యామ్ విమానం అదే రన్‌వే మీద నెమ్మదిగా వస్తోంది. కంట్రోలర్ కేఎల్‌ఎంకు పైకి వెళ్లాక పట్టవలసిన దారిని మాత్రమే చెప్పాడు గాని, ఆ వాక్యంలో ‘టేకాఫ్ తర్వాత’ అన్న మాట దొర్లింది. కేఎల్‌ఎం సహ పైలట్ దానిని అప్పజెప్పి, చివర ‘మేము ఇప్పుడు టేకాఫ్ దగ్గర ఉన్నాం’ అన్న అర్థం వచ్చేలా పలికాడు. అప్పటికే కెప్టెన్ విమానాన్ని పరుగెత్తిస్తున్నాడు. కంట్రోలర్ ‘ఓకే’ అని, ఒక్క క్షణం ఆగి, ‘టేకాఫ్‌కు సిద్ధంగా ఉండండి, పిలుస్తాను’ అన్నాడు. సరిగ్గా ఆ క్షణానే పాన్ యామ్ నుంచి ‘మేమింకా రన్‌వే మీదే ఉన్నాం’ అన్న మాట వెలువడింది. ఒకే ఫ్రీక్వెన్సీలో ఇద్దరు ఒకేసారి మాట్లాడితే రెండూ చెడి, కీచుమన్న శబ్దం వస్తుంది. కేఎల్‌ఎం కాక్‌పిట్‌లో స్పష్టంగా వినిపించింది ‘ఓకే’ ఒక్కటే.

మనం రోజుకు వందసార్లు వాడే ‘ఓకే’ను ఈ వృత్తిలో ఎందుకు దూరం పెడతారో ఇప్పుడు మీకు వేరే చెప్పనక్కరలేదు.

మేడే, పాన్ పాన్ అన్న మాటలను కూడా ఇదే పద్ధతిలో చదవండి. 1920లలో లండన్ సమీపంలోని క్రోయిడన్ విమానాశ్రయంలో రేడియో అధికారిగా ఉన్న ఫ్రెడరిక్ స్టాన్లీ మాక్‌ఫర్డ్, ‘నాకు సాయం చేయండి’ అనే ఫ్రెంచి మాట ధ్వని నుంచి మేడేను తీసుకున్నాడు. ప్రాణాపాయం ఉన్నప్పుడు మూడుసార్లు మేడే. అంత దాకా రాకపోయినా తొందరగా సాయం కావలసినప్పుడు మూడుసార్లు పాన్ పాన్. 1990 జనవరి 25న న్యూయార్క్ మీద చాలాసేపు చక్కర్లు కొట్టిన అవియాంకా విమాన సిబ్బంది ఇంధనం అయిపోతోందన్నారు, ప్రాధాన్యం కావాలన్నారు, కాని అత్యవసర స్థితి అని ప్రకటించలేదు. ఇంధనం నిజంగానే అయిపోయి విమానం కూలి 73 మంది చనిపోయారు. ఇబ్బందిలో ఉన్నవారు నెమ్మదిగా, మర్యాదగా చెప్పుకోవడం మన ఇళ్లలోనూ ఉన్న పద్ధతే. రేడియోలో మాత్రం ఆ మొహమాటం పనికిరాదు.

రన్‌వే అంకెల సంగతి వీటన్నింటికంటే తేలిక. దిక్సూచి ప్రకారం రన్‌వే చూసే దిక్కును డిగ్రీల్లో తీసుకుని, దగ్గరి పదికి సవరించి, చివరి సున్నా తీసేస్తారు. ఉత్తరం 360, తూర్పు 90, దక్షిణం 180, పడమర 270. శంషాబాద్ రన్‌వే తూర్పు పడమరలుగా ఉంది కాబట్టి పడమటి కొసన నిలబడి తూర్పుకు చూస్తే 09, తూర్పు కొసన నిలబడి పడమరకు చూస్తే 27. ఒకే రన్‌వే రెండు పేర్ల మధ్య తేడా ఎప్పుడూ 18. అక్కడ రెండు సమాంతర రన్‌వేలు ఉన్నందువల్ల లెఫ్ట్, రైట్ అని చేరుస్తారు. ఇటు నుంచి లెఫ్ట్ అయినది అటు నుంచి రైట్ అవుతుందని మరచిపోకండి. గన్నవరంలో 08, 26. విశాఖలో 10, 28. రాజమహేంద్రవరంలో 05, 23. ఏ కొసను వాడాలో గాలి నిర్ణయిస్తుంది, ఎందుకంటే విమానం ఎదురుగాలిలోనే లేవాలి, ఎదురుగాలిలోనే దిగాలి. నైరుతి రుతుపవనాల కాలంలో శంషాబాద్‌లో ఎక్కువగా 27 వాడుకలో ఉండటానికి కారణం ఆ నెలల్లో వీచే పడమటి గాలి. మనం పడమటి గాలి అన్నప్పుడు అది ఎక్కడి నుంచి వస్తోందో చెబుతాం. విమానయానంలోనూ గాలి దిక్కును అలాగే చెబుతారు కాబట్టి ఇక్కడ మీకు తికమక ఉండదు. భూ అయస్కాంత ధ్రువం నెమ్మదిగా జరుగుతుండటంతో కొన్ని దశాబ్దాలకు ఈ అంకెలు మారవలసి వస్తుంది కూడా. లండన్ దగ్గరి స్టాన్‌స్టెడ్‌లో 05, 23గా ఉన్న రన్‌వే 2009లో 04, 22 అయింది.

విమానాశ్రయంలోని మిగతా మాటలను పైలట్ కళ్లతో చూస్తూ నేర్చుకోండి. ప్రయాణికులు ఎక్కే, సరుకు ఎక్కించే, ఇంధనం నింపే గచ్చు నేల పేరు ఏప్రాన్. అక్కడి నుంచి రన్‌వేకు తీసుకువెళ్లే దారి ట్యాక్సీవే. రాత్రి దాని అంచున నీలి దీపాలు ఉంటాయి. రన్‌వేలోకి అడుగుపెట్టే ముందు ఆగవలసిన చోటు హోల్డింగ్ పాయింట్. అక్కడ నేల మీద నాలుగు పసుపు గీతలు ఉంటాయి, రెండు నిండు గీతలు, రెండు తెగిన గీతలు. నిండు గీతలు మీ వైపు ఉంటే, అనుమతి లేనిదే దాటరాదు. ఇక రాత్రి దిగుతున్న విమానం నుంచి చూస్తే రన్‌వే పక్కన వరుసగా నాలుగు దీపాలు వెలుగుతూ కనబడతాయి. వాటి పేరు పాపీ. రెండు తెల్లగా, రెండు ఎర్రగా ఉంటే సరైన వాలులో దిగుతున్నట్టు. నాలుగూ తెల్లగా ఉంటే మరీ పైన, నాలుగూ ఎర్రగా ఉంటే మరీ కింద. ఏ భాషా అవసరం లేకుండా, ఎవరికైనా ఒక్క చూపులో అర్థమయ్యే ఆ నాలుగు దీపాలంటే నాకు ఇన్నేళ్ల తర్వాత కూడా ఎంతో ఇష్టం.

అనువాదం ఎలా దారి తప్పిస్తుందో విమాన భాగాల్లో బాగా కనబడుతుంది. రడ్డర్‌కు చుక్కాని అని రాసుకుంటే పడవలాగా విమానాన్ని మలుపు తిప్పేది అదేనన్న అభిప్రాయం ఏర్పడుతుంది. నిజానికి విమానం మలుపు తిరిగేది ప్రధానంగా రెక్కల అంచున ఉండే ఏలిరాన్‌లతో ఒక పక్కకు ఒరిగి; రడ్డర్ ముక్కును కుడి ఎడమలకు సరిచేస్తూ ఆ మలుపు కుదురుగా ఉండేలా తోడ్పడుతుంది. అలాగే స్టాల్ అంటే, బండి ఆగిపోయినట్టు, ఇంజిన్ ఆగిపోవడం కాదు. రెక్క గాలికి మరీ ఎక్కువ కోణంలో ఎత్తి ఉన్నప్పుడు, దాని పైభాగాన్ని అంటిపెట్టుకుని సాగవలసిన గాలి విడిపోయి, విమానాన్ని మోసే బలం పడిపోవడం స్టాల్. ఇంజిన్లు నిండు బలంతో పనిచేస్తుండగానే అది జరగవచ్చు.

పడవను పూర్తిగా వదిలిపెట్టమని మాత్రం అనను. గోదావరిలో పడవ ఈ రేవు నుంచి తిన్నగా ఆవలి రేవుకు చేరాలంటే సరంగు ముక్కును కాస్త ఎగువకు తిప్పి ఉంచుతాడు. ముక్కు చూసే దిక్కు హెడింగ్. పడవ నిజంగా సాగే దారి ట్రాక్. పక్కగాలి వీస్తున్నప్పుడు విమానం చేసేది అదే. ఎదురీదే పడవ నీటిలో ఎంత వేగంగా కదిలినా ఒడ్డున నిలబడినవారికి నెమ్మదిగా కనబడుతుంది. మొదటిది ఎయిర్‌స్పీడ్ వంటిది, రెండోది గ్రౌండ్‌స్పీడ్ వంటిది. వేగాన్ని కొలిచే నాట్ కూడా నావికుల మాటే, గంటకు ఒక నాటికల్ మైలు, అంటే 1852 మీటర్లు.

ఉచ్చారణ గురించి మీరు భయపడనక్కరలేదు. వాయిస్ టెస్టులో చూసేది మాట స్పష్టతను. ఐకావో అని అందరూ పిలిచే అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఆరు స్థాయిల భాషా ప్రమాణాన్ని పెట్టి, అంతర్జాతీయ విమానాలతో పనిచేయడానికి నాలుగో స్థాయి చాలునంది; మాతృభాష యాస వినిపించడాన్ని అది తప్పుగా ఎంచదు, వినేవారికి అర్థం కావాలని మాత్రమే కోరుతుంది. పైగా అంకెలను పలికే పద్ధతి మనలాంటివారిని దృష్టిలో పెట్టుకునే ఏర్పడింది. మూడును ‘ట్రీ’ అని, వెయ్యిని ‘టౌసండ్’ అని, ఐదును ‘ఫైఫ్’ అని, తొమ్మిదిని ‘నైనర్’ అని పలకాలి. ఆంగ్లేయులకే సులువైన నాలుక మడత శబ్దాలను పక్కన పెట్టడం వల్ల, ఈ విషయంలో వాళ్లూ మనతోపాటు కొత్తగా నేర్చుకోవలసినవారే.

తెలుగువాళ్లం మానుకోవలసిన అలవాట్లు కొన్ని ఉన్నాయి. మన మాటలు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి హల్లుతో ముగిసే మాటకు ‘ఉ’ చేర్చి ‘రైటు’, ‘లెఫ్టు’ అంటాం. వేగంగా మాట్లాడేటప్పుడు ఆ ‘ఉ’ తర్వాతి మాటలో కలిసిపోతుంది. ఫోన్ నంబరు చెప్పినట్టు ‘డబుల్ టూ’, ‘ట్రిపుల్ ఫోర్’ అనడం అసలు కుదరదు. ఏ అంకెకా అంకె విడిగా పలకాలి. దశాంశ చుక్కను ‘పాయింట్’ అనకుండా ‘డెసిమల్’ అనాలి. రేడియోలో వీ, డబ్ల్యూ అక్షరాలకు బదులు పలికే విక్టర్, విస్కీ మాటల్లో మొదటి శబ్దాలు మనకు ఒకటే అయినా ఆంగ్లంలో వేరు; పెదవులు గుండ్రంగా చుట్టి విస్కీ పలకడం సాధన చేయండి. 1956 నుంచి అమలులో ఉన్న ఆల్ఫా, బ్రావో వరుసలో ఒక్కో అక్షరానికి ఒక్కో పూర్తి మాట పెట్టింది, రేడియో గరగరలో సగం తెగినా మిగతా సగంతో గుర్తుపట్టడానికే. బస్సు స్టాండులో కూర్చున్నప్పుడు వచ్చే పోయే బండ్ల నంబర్లను ఈ వరుసలో మనసులో చదవండి. టీజీ అంటే టాంగో గోల్ఫ్, ఏపీ అంటే ఆల్ఫా పపా. పది రోజులకు తడబాటు పోతుంది.

అక్షర క్రమంలో ఉన్న మీ నోటు పుస్తకాన్ని పక్కన పెట్టి, కొత్త పుస్తకంలో ఒకే ఒక్క విమాన ప్రయాణం రాయండి. శంషాబాద్ గేటు దగ్గర తలుపులు మూసిన క్షణం నుంచి విశాఖ ఏప్రాన్ మీద చక్రాలకు దిమ్మెలు పెట్టేదాకా ఏమేమి జరుగుతాయో వరుసగా రాసుకుంటూ, ఎక్కడ ఏ మాట అవసరమో అక్కడ పెట్టండి. మొదట దారికి అనుమతి ఇచ్చే క్లియరెన్స్ డెలివరీ, తర్వాత విమానాన్ని గేటు నుంచి వెనక్కి నెట్టే పుష్‌బ్యాక్‌కు, నేల మీద నడిపే ట్యాక్సీకి గ్రౌండ్, రన్‌వేకు టవర్, లేచాక అప్రోచ్, ఇంకా పైకి వెళ్లాక ఏరియా కంట్రోల్. దిగేటప్పుడు అదే వరుస తలకిందులు. ప్రతి చోటా ఫ్రీక్వెన్సీ మారుతుంది, స్క్వాక్ అనే నాలుగంకెల కోడ్ మాత్రం రాడార్ తెర మీద ఆ విమానం గుర్తుగా వెంట వస్తుంది. ఆ అంకెల్లో 8, 9 ఉండవు. ఎందుకో గణితం చదివిన మీకు ఒక నిమిషంలో తెలుస్తుంది. ఇండిగో విమానాన్ని రేడియోలో ‘ఐఫ్లై’ అని, బ్రిటిష్ ఎయిర్‌వేస్‌ను ‘స్పీడ్‌బర్డ్’ అని పిలుస్తారు. అలాంటి పిలుపు మాటలను కూడా ఆ కథలోనే చేర్చండి.

రోజూ ఉదయం శంషాబాద్ మెటార్ ఒకటి చదవండి. అరగంటకొకసారి వెలువడే ఆ వాతావరణ నివేదికలో ఉదాహరణకు ‘వీఓహెచ్‌ఎస్ 120300జెడ్ 09008కేటీ 4000 హెచ్‌జెడ్ 24/19 క్యూ1014’ అని ఉందనుకోండి. వీఓ అంటే దక్షిణ భారతం, హెచ్‌ఎస్ అంటే శంషాబాద్. నెలలో 12వ తేదీ, జులూ సమయం, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన యూటీసీ సమయం, 3 గంటలు. ఐదున్నర గంటలు కలిపితే మన గడియారంలో ఉదయం 8.30. గాలి 90 డిగ్రీల నుంచి, అంటే తూర్పు నుంచి, 8 నాట్ల వేగంతో వీస్తోంది. చూపు 4000 మీటర్ల దాకా ఆనుతోంది, పొగలాంటి మసక ఉంది. ఉష్ణోగ్రత 24, మంచు బిందువు 19 డిగ్రీలు. క్యూఎన్‌హెచ్ 1014. దీనిని పైకి బిగ్గరగా, అంకె అంకెనూ విడిగా పలుకుతూ చదివి, ఆ గాలికి ఏ రన్‌వే వాడతారో, దిగిన విమానంలో ఆల్టీమీటర్ ఎంత చూపిస్తుందో మీకు మీరే చెప్పుకోండి. మీ ఇంట్లో ఎవరినైనా పక్కన కూర్చోబెట్టుకుని, వారు కాగితం చూస్తూ ఒక్క అంకె కావాలని మార్చి చదవగా, మీరు వెంటనే పట్టుకోగలుగుతున్నారో లేదో రోజుకు పదిసార్లు పరీక్షించుకోండి.